మణికట్టు నొప్పి నెలల తరబడి వదలడం లేదా? కారణం వెతికేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మణికట్టు నొప్పితో వచ్చేవారి కథలు వేరైనా సందేహాలు మాత్రం అవే. చెప్పిందే చెప్పవలసి వస్తుండటంతో వాటిని ఒకచోట చేర్చాను. చికిత్సల జోలికి పెద్దగా పోలేదు. నొప్పికి కారణం ఎలా పట్టుకుంటారన్నదే ఇక్కడి విషయం. ఏ ప్రశ్న మీదైతే అక్కడి నుంచే చదవవచ్చు.

## వైద్యుడి దగ్గరికి వెళ్ళకముందు

ఎన్నాళ్ళు ఉంటే దీర్ఘకాలిక నొప్పి అంటారు? నాకు ఇంకా రెండు నెలలే అయింది.

సాధారణంగా 3 నెలలు దాటితే ఆ పేరు పెడతారు. అలాగని మూడు నెలలు నిండే దాకా ఆగమని కాదు. మామూలు బెణుకు వారం వారం కొంచెమైనా తగ్గుతూ రావాలి. ఆరు వారాలైనా మొదటి రోజులాగే ఉందంటే అది బెణుకు కాకపోవచ్చు. చేయి మోపి కింద పడ్డాక మొదలైన నొప్పి అయితే అన్నాళ్ళు కూడా ఆగకూడదు. కొన్ని ఎముకల విరుగుళ్ళకు, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్ల గాయాలకు తొలి వారాల్లో ఉన్న అవకాశం తర్వాత ఉండదు.

"మణికట్టు నొప్పి" అని చెబితే చాలదా? ఇంకా ఏమి చెప్పాలి?

చాలదు. ఊరి పేరు చెప్పి వీధి పేరు చెప్పనట్టుంటుంది. ఆ కాస్త చోటులో 8 చిన్న ఎముకలు, ముంజేతి ఎముకల చివరలు రెండు, ఇరవైకి పైగా టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్ళ వంటివి), మూడు ముఖ్యమైన నరాలు, వాటన్నిటినీ కట్టి ఉంచే లిగమెంట్లు ఉన్నాయి. వీటిలో దేనికి జబ్బు చేసినా మనం అనేది ఒకే మాట.

అందుకే ముందుగా ఒక పని చేయండి. అరచేత్తో మణికట్టంతా చుట్టి పట్టుకుని చూపించకుండా, రెండో చేతి చూపుడువేలి కొనతో ఒక్క చోటు చూపించే ప్రయత్నం చేయండి. బొటనవేలి వైపా, చిటికెనవేలి వైపా, పైనా, అరచేతి వైపా అన్నది తేలితే అనుమానితుల జాబితా సగానికి పైగా తగ్గిపోతుంది. ఎంత నొక్కినా ఒక చోటంటూ దొరకకపోతే అది కూడా సమాచారమే: నరం, కీళ్ళవాతం, మెడ వంటివి ముందుకు వస్తాయి.

తర్వాత ఒక వారం పాటు కాగితం మీద రాసుకోండి. ఏ పనిలో నొప్పి వస్తోంది, చేయి మోపినప్పుడా, మూత తిప్పినప్పుడా, బరువు ఎత్తినప్పుడా? రాత్రి నిద్ర లేపుతోందా? ఉదయం బిగుసుకుపోతే ఎంతసేపటికి సడలుతోంది? తిమ్మిరి ఉంటే ఏ ఏ వేళ్ళలో? సలుపా, పోటా, మంటా? ఈ కాగితం చాలా స్కాన్ల కంటే విలువైనది. అతిశయోక్తి అనిపిస్తే, ఇది లేకుండా స్కాన్‌తో వచ్చినవారిని నేను మొదట అడిగేవి ఈ ప్రశ్నలేనని మాత్రం చెప్పగలను.

నాకు దెబ్బ తగిలిన గుర్తే లేదు. మరి నొప్పి ఎలా వచ్చింది?

దెబ్బ లేకుండా వచ్చే కారణాలు చాలా ఉన్నాయి. టెండన్ తొడుగు మందం కావడం, నరం ఒత్తుకుపోవడం, కీలు అరగడం, కీళ్ళవాతం, కీలులో యూరిక్ ఆమ్లం స్ఫటికాలు పేరుకునే గౌట్, గ్యాంగ్లియన్ అనే నీటిబుడగ, అరుదుగా ఒక చిన్న ఎముకకు రక్తం అందకపోవడం.

కానీ "గుర్తు లేదు" అన్న మాటను ఒకసారి తరచి చూడండి. ఐదేళ్ళ కిందట ఆటలో పడి, రెండు వారాలు నొప్పి ఉండి, దానంతటదే తగ్గిందా? బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్ ఎముక అప్పుడు విరిగి, అతుక్కోకుండానే ఉండిపోయి, ఏళ్ళ తర్వాత కీలు అరగడం మొదలయ్యాక నొప్పి పెట్టవచ్చు. దానికి రక్తం చాలావరకు వేళ్ళ వైపు కొన నుంచి వెనక్కి పారుతుంది. మధ్యలో విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం తగ్గిపోతుంది, అందుకే అతుక్కోవడంలో అంత పేచీ.

కంప్యూటర్ వల్లే వచ్చిందని అందరూ అంటున్నారు. నిజమేనా?

కొందరికి కొంతవరకు నిజం. మణికట్టును వంచి గంటల తరబడి ఒకే భంగిమలో పెడితే అప్పటికే ఉన్న సమస్య రేగుతుంది. అయితే కీబోర్డు ఒక్కటే కార్పల్ టన్నెల్ జబ్బును (మణికట్టులో నరం ఒత్తుకుపోవడాన్ని) పుట్టిస్తుందనడానికి ఆధారాలు అంత గట్టిగా లేవు. బలంగా పట్టుకుని పదే పదే చేసే పనులకు, అదిరే యంత్రాలతో చేసే పనులకు ఉన్న సంబంధం అంతకంటే స్పష్టమైనది.

కంప్యూటర్ మీద నేరం మోపితే వచ్చే అసలు నష్టం ఏమిటంటే, అక్కడితో వెతకడం ఆగిపోతుంది. కుర్చీ మారుతుంది, మౌస్ మారుతుంది, లోపల ఎముకో కీలో మాత్రం దాని దారిన అది పోతుంటుంది. సెలవు రోజుల్లో నొప్పి స్పష్టంగా తగ్గి, పనిలోకి వెళ్ళగానే తిరగబెడితే పనిని అనుమానించండి. పదిరోజులు కీబోర్డు ముట్టకపోయినా తేడా లేదంటే ఇంకేదో ఉంది.

ఏ లక్షణాలు ఉంటే ఆగకుండా వెళ్ళాలి?

మణికట్టు ఎర్రబడి, వేడెక్కి, వాచి, కొంచెం కదిపినా భరించలేనట్టుంటే, ముఖ్యంగా జ్వరం కూడా ఉంటే అదే రోజు వెళ్ళాలి. కీలులో చీము పడితే రోజుల్లోనే కీలు పాడవుతుంది. పడ్డాక ఆకారం మారినా, వేళ్ళు పాలిపోయినా, చల్లబడినా, స్పర్శ పోయినా అంతే.

కొన్ని రోజుల్లో తప్పక చూపించుకోవలసినవి వేరు: బొటనవేలి కింది కండ తగ్గి పల్లమవడం, చేతిలోని వస్తువులు జారిపోవడం, రోజురోజుకూ పెరిగే గడ్డ, విశ్రాంతిలో కూడా రాత్రంతా సలిపే నొప్పితో పాటు కారణం లేకుండా బరువు తగ్గడం.

## నొప్పి ఉన్న చోటు ఏమి చెబుతుంది

బొటనవేలి వైపు నొప్పి. పాపను ఎత్తుకుంటే ప్రాణం పోయినట్టుంటోంది. ఏమై ఉంటుంది?

పసిబిడ్డల తల్లుల్లో ఈ మాట వినగానే మొదట గుర్తొచ్చేది డి క్వెర్వెయిన్ జబ్బు. 1895లో దీన్ని వర్ణించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడి పేరే దానికి వచ్చింది. బొటనవేలిని పక్కకు, పైకి లాగే రెండు టెండన్లు మణికట్టు పక్కన ఒక ఇరుకు తొడుగులోంచి పోతాయి. ఆ తొడుగు మందమైతే టెండన్ రాసుకుంటూ కదులుతుంది. బిడ్డ చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్ళు విప్పి ఎత్తే భంగిమ సరిగ్గా వాటి మీదే భారం వేస్తుంది.

బొటనవేలిని పిడికిట్లో మూసి మణికట్టును చిటికెనవేలి వైపు వంచితే అక్కడ చురుక్కుమంటుంది. చాలామంది దీన్ని ఫిన్‌కెల్‌స్టీన్ పరీక్ష అంటారు గానీ, పిడికిలి బిగించి చేసేది నిజానికి ఐఖాఫ్ పరీక్ష. ఇది ఏ జబ్బూ లేనివారిలో కూడా కొంత నొప్పి పుట్టిస్తుంది. అందుకే దీని ఒక్కదాని మీద తీర్పు చెప్పకూడదు.

అదే వైపు ఇంకో ఇద్దరు అనుమానితులున్నారు. నడివయసు దాటినవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, బొటనవేలి మొదటి కీలు అరుగుదల మామూలు. సీసా మూత తిప్పడం, తాళం తిప్పడం కష్టమవుతాయి, నొప్పి ఉండే చోటు కొంచెం కిందికి, బొటనవేలి మొదట్లో ఉంటుంది. బొటనవేలు బాగా చాచినప్పుడు దాని మొదట్లో పడే గుంటలో నొక్కితే నొప్పి ఉండి, ఎప్పుడో పడిన చరిత్ర ఉంటే స్కాఫాయిడ్‌ను చూడకుండా వదలకూడదు.

చిటికెనవేలి వైపు నొప్పి, తలుపు పిడి తిప్పితే లోపల క్లిక్‌మంటోంది. ఎందుకు?

వైద్యులను కూడా తికమక పెట్టే వైపు ఇది. మొదటి అనుమానం టి.ఎఫ్.సి.సి. మీదికి పోతుంది. ముంజేతి ఎముకల్లో చిటికెనవేలి వైపు ఉండే అల్నాకు, మణికట్టు చిన్న ఎముకలకు మధ్య మెత్తలా ఉంటూ, రెండు ముంజేతి ఎముకలనూ కలిపి పట్టే కణజాలం అది. పడ్డప్పుడు చిరగవచ్చు, వయసుతో అరగవచ్చు. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ మోపి లేవడం, చేయి తిప్పుతూ బలం పెట్టడం కష్టమవుతాయి.

కొందరికి అల్నా పక్క ఎముక కంటే కాస్త పొడవుంటుంది. పుట్టుకతోనైనా, పక్క ఎముక విరిగి పొట్టిగా అతుక్కోవడం వల్లనైనా అలా జరగవచ్చు. అప్పుడు అది ఎదుటి చిన్న ఎముకలను పొడుస్తూ ఉంటుంది. ఇక్కడే పోయే ఒక టెండన్ గాడి నుంచి జారి క్లిక్‌మనడం మరో కారణం. బ్యాటు, రాకెట్, గోల్ఫ్ కర్ర పట్టేవారిలో అరచేతి మడమ దగ్గర నొప్పి ఉంటే హామేట్ అనే చిన్న ఎముకకు ఉండే కొక్కెం విరిగిందేమో చూడాలి. మామూలు ఎక్స్‌రేలో అది తరచుగా తప్పించుకుంటుంది.

క్లిక్ శబ్దం మాత్రమే ఉండి నొప్పి లేకపోతే దాన్ని జబ్బుగా లెక్కించనక్కరలేదు.

చేయి మోపి లేస్తే మణికట్టు పైభాగంలో, సరిగ్గా మధ్యలో నొప్పి. గడ్డ కూడా లేదు.

గడ్డ కనబడకపోయినా లోపల చిన్న గ్యాంగ్లియన్ ఉండవచ్చు. అల్ట్రాసౌండ్‌లో దొరుకుతుంది. పడ్డ చరిత్ర ఉండి, పట్టు బలహీనమై, కలుక్కుమంటుంటే స్కాఫాయిడ్‌ను, దాని పక్కనున్న ల్యూనేట్‌ను కలిపే లిగమెంట్ తెగిందేమో చూస్తారు. దీన్ని "బెణుకే కదా" అని వదిలేస్తే కొన్నేళ్ళకు మణికట్టు ఎముకల వరుస చెదిరి కీలు అరుగుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో తొందరపాటు కంటే తాత్సారం ఎక్కువ ఖరీదైనది ఇక్కడే.

మూడోది అరుదు: కీన్‌బెక్ జబ్బు. ల్యూనేట్ ఎముకకు రక్తం అందక అది మెల్లగా చచ్చుబడుతుంది. వియన్నా రేడియాలజిస్టు రాబర్ట్ కీన్‌బెక్ 1910లో దీన్ని వర్ణించారు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ వారిలో, పెద్ద దెబ్బ ఏమీ లేకుండానే కనబడుతుంది. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎం.ఆర్.ఐ.లో తేలుతుంది.

రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చేయి విదిలిస్తే తగ్గుతోంది. ఇది నరాల జబ్బా?

మీరు చెప్పిన రెండు మాటలూ కార్పల్ టన్నెల్ జబ్బుకు చాలా దగ్గరగా ఉన్నాయి. అరచేతి మొదట్లో ఎముకలకు, ఒక గట్టి పట్టీకి మధ్య ఉన్న సొరంగంలోంచి మీడియన్ నరం పోతుంది. అక్కడ ఒత్తిడి పెరిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం మొద్దుబారతాయి. ఉంగరపువేలిలో ఒక పక్క మొద్దుగా ఉండి ఇంకో పక్క మామూలుగా ఉందంటే నిర్ధారణకు గట్టి ఆధారం దొరికినట్టే.

చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంటే నరం వేరు, చోటు వేరు: అల్నార్ నరం తరచుగా మోచేతి దగ్గర ఒత్తుకుంటుంది. మెడ కదిపితే తిమ్మిరి పెరగడం, భుజం నుంచి కిందికి లాగడం ఉంటే మెడ నరాలను చూడాలి. అరచేతిలో బొటనవేలి కింది చర్మం కూడా మొద్దుబారిందా అన్నది మరో ఉపయోగకరమైన ప్రశ్న. ఆ చర్మానికి పోయే కొమ్మ సొరంగంలోంచి పోదు కాబట్టి, కార్పల్ టన్నెల్ జబ్బులో అక్కడ స్పర్శ సాధారణంగా బాగానే ఉంటుంది.

మధుమేహం, థైరాయిడ్ తక్కువగా ఉండటం, గర్భం, కీళ్ళవాతం, అధిక బరువు ఈ జబ్బు అవకాశాన్ని పెంచుతాయి. తిమ్మిరి కోసం వెళ్ళి మధుమేహం బయటపడినవారూ ఉన్నారు.

రెండు మణికట్లూ నొప్పే. పొద్దున్నే బిగుసుకుపోతాయి. ఇది అరుగుదలేనా?

బిగుసుకోవడం ఎంతసేపు ఉంటుందో చూడండి. అరుగుదలలో సాధారణంగా అరగంట లోపే సడలుతుంది, పని చేసేకొద్దీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. గంట, ఆ పైన బిగుసుకుపోయి, పని చేస్తుంటే హాయిగా మారుతూ, రెండు వైపులా వేళ్ళ మొదటి కణుపులు కూడా వాచి ఉంటే రుమటాయిడ్ కీళ్ళవాతాన్ని అనుమానించాలి. దానికి వెళ్ళవలసింది కీళ్ళవాతం చూసే రుమటాలజిస్టు దగ్గరికి, అదీ త్వరగా.

## పరీక్ష గదిలో

వైద్యుడు నొక్కి, తిప్పి ఉన్న నొప్పిని ఇంకా పెంచారు. అంత అవసరమా?

అవసరమే. మణికట్టు పరీక్షలో వెతికేది ఏదో ఒక నొప్పిని కాదు, మీకు రోజూ వచ్చే ఆ నొప్పినే. అందుకే నొక్కుతున్నప్పుడు "నొప్పిగా ఉంది" అనడం కంటే "ఇదే ఆ నొప్పి" లేదా "నొప్పే గానీ ఇది కాదు" అని చెప్పండి. ఈ రెండు మాటల మధ్య తేడా మీద ఒక్కోసారి రోగనిర్ధారణ మొత్తం ఆధారపడుతుంది.

బాగున్న చేతిని కూడా చూస్తే విసుక్కోకండి. కొందరి కీళ్ళు పుట్టుకతోనే వదులుగా ఉంటాయి. రెండు వైపులా ఒకేలా కదిలే ఎముక జబ్బు కాకపోవచ్చు. మోచేతిని, మెడను చూడకుండా మణికట్టు ఒక్కటే చూసి పంపిస్తే ఆ పరీక్ష సగమే అయిందని నా అభిప్రాయం.

ఈ పరీక్షలు ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

కొన్ని చేసుకోవచ్చు. మణికట్టును పూర్తిగా కిందికి వంచి 60 సెకన్లు ఉంచితే వేళ్ళలో తిమ్మిరి వస్తుందా అని చూసేది ఫాలెన్ పరీక్ష. ఫలితాన్ని వైద్యుడికి చెప్పడానికి వాడుకోండి, మీకు మీరే జబ్బు పేరు పెట్టుకోవడానికి వద్దు. ఎముకల కదలికను పట్టి చూసే పరీక్షలకు అనుభవమున్న చేయి కావాలి.

## ఎక్స్‌రేలు, స్కాన్లు, రక్తపరీక్షలు

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. అంటే నొప్పి నా భ్రమా?

కాదు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది. టెండన్, నరం, లిగమెంట్, ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి నేరుగా కనబడవు. కాబట్టి "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అంటే "ఎముకల్లో ఈ కోణాల్లో, ఈ రోజున ఏమీ కనబడలేదు" అని మాత్రమే అర్థం.

ఎముక విరుగుళ్ళు కూడా తప్పించుకుంటాయి. స్కాఫాయిడ్ విరుగు మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవడం బాగా తెలిసిన విషయం. అనుమానం ఉంటే కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్ళీ తీస్తారు, లేదా ముందే ఎం.ఆర్.ఐ. చేస్తారు. లిగమెంట్ తెగిందన్న అనుమానముంటే పిడికిలి బిగించి తీసే ఎక్స్‌రే అడుగుతారు. మామూలుగా తీస్తే దగ్గరగా కనబడే ఎముకలు ఆ బిగింపులో విడిపోయి, మధ్య సందు బయటపడవచ్చు.

అయినా ఎక్స్‌రేను తీసిపారేయకండి. అరుగుదల, పాత విరుగు, అల్నా పొడవు, కీలులో సున్నం పేరుకోవడం ఇందులోనే తెలుస్తాయి.

ఎలాగూ చేయాల్సిందే కదా, నేరుగా ఎం.ఆర్.ఐ. చేయించుకుంటే పోదా?

ఈ ప్రశ్న వెనుక ఉన్న ఆత్రం అర్థమవుతుంది. కానీ ఎం.ఆర్.ఐ. చాలా చూపిస్తుంది, అందులోనే చిక్కుంది. వయసు పెరిగేకొద్దీ టి.ఎఫ్.సి.సి.లో చిరుగులు, అరుగులు ఏ నొప్పీ లేనివారిలో కూడా కనబడతాయి. చిన్న గ్యాంగ్లియన్లూ అంతే. రిపోర్టులో నాలుగు లోపాలు రాసి ఉంటే వాటిలో మీ నొప్పికి కారణం ఏది అన్నది రిపోర్టు చెప్పదు. బొటనవేలి వైపు నొప్పితో వెళ్ళి, చిటికెనవేలి వైపు చిరుగు ఉందన్న కాగితంతో బెంబేలెత్తి వచ్చేవారిని చూస్తూనే ఉంటాం.

చేత్తో పరీక్షించాక, ఫలానా దాని కోసం అని రాసి పంపితే ఎం.ఆర్.ఐ. అద్భుతమైన సాధనం. ఎముకకు రక్తం అందకపోవడం, కనబడని విరుగు, లిగమెంట్ చిరుగు వంటివి తేల్చడంలో దానిది పెద్ద పాత్ర. చిన్న లిగమెంట్ చిరుగుల కోసం కొన్నిసార్లు కీలులోకి రంగు మందు ఎక్కించి తీస్తారు.

అల్ట్రాసౌండ్, సి.టి. స్కాన్ ఎప్పుడు అడుగుతారు?

టెండన్లు, గ్యాంగ్లియన్, కీలు పొర వాపు చూడటానికి అల్ట్రాసౌండ్ బాగుంటుంది. చేయి కదుపుతూ చూడగలగడం దాని గొప్పతనం. ఎముక అతుక్కుందా లేదా, హామేట్ కొక్కెం విరిగిందా అన్న ప్రశ్నలకు సి.టి.

నరాల పరీక్ష మామూలుగా వచ్చింది. కానీ తిమ్మిరి తగ్గలేదు. ఎలా?

తొలి దశలో, తక్కువ తీవ్రతలో కార్పల్ టన్నెల్ జబ్బు ఉన్నా నరాల వాహకత పరీక్ష మామూలుగా రావచ్చు. లక్షణాలు, చేతి పరీక్ష గట్టిగా చెబుతుంటే వైద్యులు ఈ ఒక్క ఫలితంతో దాన్ని కొట్టిపారేయరు. నరం ఒత్తిడి మణికట్టు దగ్గరా, మోచేతి దగ్గరా, మెడలోనా అని విడదీయడంలో, తీవ్రత కొలవడంలో ఈ పరీక్ష ఎక్కువ ఉపయోగపడుతుంది.

రక్తపరీక్షలు అందరికీ కావాలా?

ఒకే చోట, ఒకే కదలికలో వచ్చే నొప్పికి సాధారణంగా అక్కరలేదు. కీళ్ళు వాచినా, రెండు వైపులా ఉన్నా, ఉదయం చాలాసేపు బిగుసుకున్నా ఒంట్లో వాపును సూచించే ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి., రుమటాయిడ్ కీళ్ళవాతాన్ని సూచించే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి. చూస్తారు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి పాజిటివ్ రావచ్చు, జబ్బు ఉన్నవారిలో నెగెటివ్ కూడా రావచ్చు. గౌట్ నొప్పి రేగిన రోజున రక్తంలో యూరిక్ ఆమ్లం మామూలుగా ఉండవచ్చు. తేల్చాలంటే వాచిన కీలు నుంచి నీరు తీసి స్ఫటికాలను సూక్ష్మదర్శినిలో చూడాలి.

## జవాబు ఇంకా దొరకనప్పుడు

ఇంజెక్షన్ ఇచ్చి చూస్తామన్నారు. ఇది చికిత్సా, పరీక్షా?

రెండూ కావచ్చు. అనుమానమున్న చోట మత్తుమందు వేసినప్పుడు కొన్ని నిమిషాల్లో మీ నొప్పి మాయమైతే, దాని మూలం అక్కడే ఉందనడానికి అది బలమైన సాక్ష్యం. కాబట్టి ఇంజెక్షన్ తర్వాత ఇంటికి పరుగెత్తకుండా, మత్తు ఉన్నప్పుడే నొప్పి పుట్టించే పని చేసి చూడండి, ఫలితం రాసుకోండి. స్టెరాయిడ్ కూడా కలిపితే దాని ప్రభావం కొన్ని రోజుల తర్వాత తెలుస్తుంది, దాన్ని విడిగా రాసుకోవాలి.

కీలులోకి కెమెరా పెట్టి చూడాలంటున్నారు. అంత దాకా వెళ్ళాలా?

ఆర్త్రోస్కోపీలో లిగమెంట్లను, మృదులాస్థిని కళ్ళారా చూడవచ్చు, కొన్ని చిరుగులను అప్పుడే సరిచేయవచ్చు. స్కాన్లు తేల్చలేకపోయినా పరీక్షలో అనుమానం గట్టిగా ఉన్నప్పుడు అది సరైన మెట్టే. ఏమి వెతుకుతున్నారో చెప్పకుండా "ఊరికే ఒకసారి చూద్దాం" అంటే మాత్రం రెండో అభిప్రాయం తీసుకోండి.

ఎముక అతుక్కుందన్నారు. కానీ చేయి మంటగా ఉంది, రంగు మారుతోంది, తాకితేనే నొప్పి.

విరుగు లేదా శస్త్రచికిత్స తర్వాత దెబ్బకు మించిన నొప్పి, వాపు, చర్మం రంగులో, వేడిలో, చెమటలో తేడాలు ఉంటే సి.ఆర్.పి.ఎస్. అనే స్థితిని అనుమానించాలి. దీన్ని ఏ ఒక్క స్కానూ తేల్చదు, లక్షణాలను చూసి గుర్తిస్తారు. చేతిని దాచుకుని కదపకుండా ఉంచితే బిగుసుకుపోతుంది. ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

ఇద్దరు వైద్యులు రెండు జబ్బుల పేర్లు చెప్పారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ సరైనవారే కావచ్చు. ఒకే చేతిలో కార్పల్ టన్నెల్ జబ్బు, బొటనవేలి కీలు అరుగుదల రెండూ ఉండటం వింత కాదు. తిమ్మిరి ఒకదానిది, మూత తిప్పితే వచ్చే నొప్పి ఇంకోదానిది. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "నా నొప్పి ఈ చోటే, ఈ పనిలోనే ఎందుకు వస్తోంది?" మీరు వేలితో చూపించిన చోటుకు, రాసుకున్న కాగితానికి అతికేలా చెప్పగలిగినవారి మాట ముందు వినండి.

మూడో వైద్యుడి దగ్గరికి వెళ్ళవలసి వస్తే చేతి సమస్యలే ఎక్కువగా చూసే నిపుణుడిని వెతకండి. రిపోర్టు కాగితాలతో పాటు అసలు ఎక్స్‌రే, స్కాన్ చిత్రాలు, వేసుకుంటున్న మందుల జాబితా, ఇంతవరకు ఏ చికిత్సకు ఎంత తగ్గిందో రాసిన వివరం పట్టుకెళ్ళండి. మందుల జాబితా అనవసరం అనుకోకండి: రొమ్ము క్యాన్సర్‌కు వాడే కొన్ని హార్మోన్ మాత్రలు కీళ్ళ నొప్పులు తెస్తాయి, ఫ్లోరోక్వినలోన్ రకం యాంటీబయాటిక్‌లు టెండన్లకు హాని చేయగలవు.